ఎండాకాలంలో కూడా ఎండని గెడ్డ

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, అలాంటి కార్తెలో ఒక ఆదివారం మా మేనల్లుణ్ణి వెంటేసుకుని మా ఇంటి వెనక గెడ్డ పట్టుకుని మొదట్నించి చివరిదాకా నడిచాను. మొదలంటే 16వ నంబరు హైవే అవతలున్న చెరువు, చివరంటే నాగావళి ఏరు. మహా అయితే నాలుగు కిలోమీటర్లు. దానికి ఐదు గంటలు పట్టింది, ఎందుకంటే సగం దూరం గట్టే లేదు, గట్టు ఉండాల్సిన చోట ప్రహరీ గోడలున్నాయి, ఇంకో పావు వంతు ముక్కు మూసుకుని పరిగెత్తాం, మధ్యలో వాడికి ఆకలేస్తే ఇడ్లీ బండి దగ్గర ఆగాం. అమ్మయితే "గెడ్డంట నడవడానికెల్తారేట్రా ఎవరైనా, వడదెబ్బ తగిలితే ఎవడు సూస్తాడు" అని ఇప్పటికీ తిడుతూనే ఉంది.

గెడ్డ అంటే తెలీని వాళ్ళకి ఒక్క ముక్క. మిగతా చోట్ల వాగు అనేదాన్ని మా శ్రీకాకుళం, విజయనగరం వైపు గెడ్డ అంటాం. కొండ మీంచో, నిండి పొర్లిన చెరువులోంచో వచ్చి ఏట్లో కలిసే చిన్న పారకం. నాగావళిలో కలిసే వాటిల్లో ఒట్టిగెడ్డ అని ఒకటుంది, ఆ పేరు విన్నప్పుడల్లా గెడ్డ సంగతి అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదనిపిస్తుంది నాకు. వానాకాలంలో ఒళ్ళు తెలీకుండా పారుతుంది, వేసవొస్తే ఒట్టిదైపోతుంది. ఎండిపోవడం గెడ్డకి జబ్బు కాదు, దాని పద్ధతే అది.

ఈ నడకంతా మా కాలనీ వాట్సాప్ గ్రూపు పుణ్యం. ఒకాయన సియోల్ వీడియో పంపాడు, చియోంగ్‌గైచియోన్ అని (పేరు పలకడానికే నాకు రెండ్రోజులు పట్టింది), ఊరి మధ్యలో వాగు మీద కట్టిన ఫ్లైఓవర్ని 2003లో పగలగొట్టడం మొదలెట్టి 2005కల్లా దాన్ని మళ్ళీ బయటికి తీశారు, దాదాపు ఆరు కిలోమీటర్లు, పిల్లలు కాళ్ళు ముంచుకుని కూచున్నారు, లైట్లు, రాళ్ళ మీద గెంతుకుంటూ దాటడాలు. కింద అందరూ చేతులు జోడించే బొమ్మలు పెట్టారు. ఇంకొకాయన "మన గెడ్డకి కూడా ఇలా చేసి బోటింగ్ పెడితే కాలనీలో స్థలాల రేటు డబులవుద్ది" అన్నాడు. నేనూరుకోక ఆ వాగులో నీళ్ళు ఎక్కడివో వెతికాను. రోజుకి లక్షా ఇరవై వేల టన్నుల నీళ్ళు, ఎక్కువగా హాన్ నదిలోంచి, మోటార్లతో తోడి అందులో పోస్తారట. మోటారు ఆపితే అదీ ఒట్టిగెడ్డే. గ్రూపులో ఆ మాట పెడితే ఒక్క బొమ్మ కూడా రాలేదు.

కానీ ఆ మోటారు విషయం బుర్రలో ఉండిపోయింది. ఎందుకంటే మా గెడ్డకి మోటారు లేదు, ఎగువనున్న చెరువు ఏప్రిల్‌కే ఎండి నెరెలిచ్చి ఉంది, వాన పడి ఎన్నాళ్ళయిందో, అయినా మా పెరటి గోడ అవతల మోకాలి లోతు నీళ్ళు గలగలా పోతున్నాయి. మరి ఇవెక్కడివి?

అమ్మ 1979లో కాపరానికొచ్చింది ఈ ఇంటికి. అప్పుడు మాది ఊరి చివర. వేసవిలో గెడ్డ పూర్తిగా ఎండిపోయేదట, ఇసకలో మూరెడు లోతు చెలమ తవ్వి కాసేపాగితే తేట నీళ్ళు ఊరేవి, ముంతతో ముంచి బిందెలోకి వడకట్టుకునేవాళ్ళు. పప్పు ఆ నీళ్ళతో అయితే బేగి ఉడికేదంటుంది అమ్మ. ఇసకే ఫిల్టరు. ఇప్పటికీ నాగావళి ఇసకలో ఊరే నీళ్ళనే మనం కుళాయిల్లోకి తెచ్చుకుంటున్నాం కదా, ఇదే పద్ధతి, సైజు పెద్దది.

మేం మొదలెట్టిన చోట, హైవే కల్వర్టుకి ఎగువన, గెడ్డ ఇంకా అమ్మ చెప్పినట్టే ఉంది. నీళ్ళు లేవు. తెల్లటి ఇసక, రెండు పక్కలా మొగలి పొదలు (అమ్మ గేదంగి అంటుంది, ఆ పువ్వు రేకులు జడలో పెట్టుకోడం కోసం పాములకి కూడా భయపడేవాళ్ళు కాదట), వావిలి, కానుగ చెట్లు. ఒక వంపు దగ్గర చిన్న మడుగు మిగిలింది, మంచం పరిచినంత. దాని పక్కన అరగంట కూచున్నాం. తూనీగలు, నీళ్ళ మీద కాళ్ళు తడవకుండా జారిపోయే పురుగులు, అడుగున కదిలే వేలెడంత పరిగెలు, కానుగ కొమ్మ మీద లకుముకి పిట్ట ఒకటి, మమ్మల్ని చూసి తిట్టుకుంటూ ఎగిరిపోయింది. మావాడు ఇసకలో వేలు పెట్టి తవ్వితే నత్తగుల్ల దొరికింది, మూత బిగించేసుకుని. చచ్చిపోయింది మావయ్యా అన్నాడు. చావలేదురా, పడుకుంది, తొలకరి పడేదాకా అలాగే పడుకుంటుందని చెప్పా.

నా చిన్నప్పుడు తొలకరి పడిన రాత్రి గెడ్డలో గోల చూడాలి. నెలల తరబడి బురదలో దాక్కున్న బావురు కప్పలు ఒక్కసారిగా బయటికొచ్చేవి, మగవి ఒళ్ళంతా పసుపు పూసుకున్నట్టు పచ్చగా మారిపోయేవి, ఆ నాలుగు రోజులే. నత్తలు లేచేవి, వాటి కోసం నత్తగుల్ల కొంగలు దిగేవి, అవే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి ఏటా వచ్చే కొంగలు. ఇదంతా ఎండిపోయే గెడ్డకి అలవాటు పడిన సంసారం. ఎండు కాలం అంటే వీటికి నిద్ర, దోమలకి చావు. ఈ రెండో ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

కల్వర్టు దాటాక మొదటి కాలనీ. అక్కడ రెండు సిమెంటు పైపులు గెడ్డలోకి తెరుచుకున్నాయి, వాటి కింద నుంచి నీళ్ళు మొదలయ్యాయి. అంతే. మా గెడ్డ పుట్టిన చోటు అది. చెరువు కాదు, కొండ కాదు, ఆ పైపులు. మావాడు వచ్చే ఏడు ఎనిమిదో క్లాసుకి వెళ్తాడు, వాడి చేతే లెక్క కట్టించా, మనిషికి రోజుకి 135 లీటర్లు అని పట్టణాల నీటి సరఫరాకి ఒక కొలత ఉంది, అందులో 80 శాతం మురుగై బయటికొస్తుందని ఇంజనీర్లు వేసుకుంటారు, అంటే వెయ్యి మంది ఉన్న కాలనీ నుంచి రోజుకి లక్షా ఎనిమిది వేల లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు పదకొండు, రోజూ, ఆదివారాలూ పండగలూ కూడా. అలాంటి కాలనీలు ఐదున్నాయి మా గెడ్డ పొడుగునా. ఇంక ఎండటానికి దానికి తీరికెక్కడిది!

అక్కణ్ణించి వంద అడుగులు నడిచేసరికి తూనీగల్లేవు. నీళ్ళ మీద జారే పురుగులు కూడా లేవు, సబ్బు నీళ్ళ మీద అవి నిలబడలేవు, సబ్బు నీటి పై పొర బిగువుని తీసేస్తుంది కాబట్టి కాళ్ళు మునిగిపోతాయి. ల్యాబూ అక్కర్లేదు, బాటిల్లో శాంపుల్ పట్టడమూ అక్కర్లేదు, ఏ పురుగు ఉంది ఏది లేదు అని చూస్తే గెడ్డ ఆరోగ్యం తెలిసిపోతుంది. కొంచెం దిగువకెళ్తే బురదలో ఎర్ర దారప్పోగుల్లా పురుగులు గుత్తులుగా ఊగుతూ కనిపించాయి. మన రక్తంలో ఉన్నట్టే వాటిల్లోనూ హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఎరుపు, అందుకే గాలి లేని నీళ్ళలో కూడా బతుకుతాయి. అవి తప్ప ఇంకేం లేకపోతే ఆ నీటి పని అయిపోయినట్టే.

నల్ల నీళ్ళ మధ్యలో ఒక పెద్దాయన గేలం వేసుకుని కూచున్నాడు. పక్కన ప్లాస్టిక్ బకెట్టు.

"ఏటి బావూ, పొద్దున్నే ఇలగొచ్చారు?"

"ఊరికే నడుద్దామని తాతా. చేపలున్నాయా ఇందులో?"

"ఎందుకు నేవు, మార్పులున్నాయి, ఇంగిలాయిలున్నాయి. పరిగెలు, జెల్లలు పోయి సాన్నాళ్ళయింది."

మావాడు బకెట్టులో చెయ్యి పెట్టబోతే టక్కున పట్టుకున్నాడు ఆయన, ఇంగిలాయి ముల్లు గుచ్చితే రాత్రంతా నిద్దరుండదని. ఇక్కడో సంగతుంది. గెడ్డ బాగానే ఉంది చేపలు కూడా ఉన్నాయి కదా అని మా కాలనీలో ఒకాయన వాదిస్తుంటాడు, ఆయనకిది చెప్పాలి. మార్పు, ఇంగిలాయి, మట్టగిడస, కొరమేను, ఇవన్నీ పైకొచ్చి నేరుగా గాలి మింగి బతకగలిగే చేపలు. నీళ్ళలో ఆక్సిజన్ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే వాటికి. నీళ్ళనే నమ్ముకున్న పరిగెలు, జెల్లలు పోయాయి, నీళ్ళని నమ్ముకోనివి మిగిలాయి. చేపలున్నాయా అని కాదు, ఏ చేపలున్నాయి అని అడగాలి.

"మరి వీటిని మీరు తింటారా తాతా?" అనడిగాడు మావాడు.

"నాను తిననమ్మా," అన్నాడాయన ఏమాత్రం తడుముకోకుండా. "ఇయి బజారుకెల్తాయి."

ఆరోజు నుంచి మా ఇంట్లో మార్పు చేపల పులుసు బంద్.

తర్వాత మార్కెట్ వైపు భాగం, దీని గురించి ఎక్కువ రాయను, మీ ఊళ్ళో కూడా ఉండే ఉంటుంది. చికెన్ షాపుల ఈకలు, ఫంక్షన్ హాలు వెనక పేపర్ ప్లేట్ల గుట్ట, బైకులు కడిగే చోట నీళ్ళ మీద రంగురంగుల నూనె తెట్టు. 120 మైక్రాన్ల కన్నా పల్చటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి బంద్ అన్నారు, గెడ్డలో తుమ్మ కొమ్మలకి వేలాడుతున్నవాటికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. అందరం గెడ్డ పాడైందంటే ఈ కవర్లే చూపిస్తాం, ఫోటోలో పడేవి అవే కాబట్టి. నాకు మాత్రం నడిచాక అనిపించింది ఏంటంటే కవర్లన్నీ ఏరేసినా గెడ్డ వాసన అలాగే ఉంటుంది, ఎందుకంటే దాన్ని చంపింది కనపడనిది, మన సింకులోంచి వెళ్ళే అన్నం గంజి, సర్ఫ్ నీళ్ళు, బాత్రూం. ఇవి కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఉన్న ఆక్సిజనంతా తినేస్తాయి, అదయిపోయాక గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు పనందుకుంటాయి, అప్పుడొస్తుంది కుళ్ళిన గుడ్డు వాసన. హైడ్రోజన్ సల్ఫైడ్. మా ఇంట్లో వెండి కుందులు తోమిన వారానికే నల్లబడిపోతాయి, అమ్మ పీతాంబరి మంచిది కాదంటుంది. ఏసీ మెకానిక్ కూడా రెండుసార్లు వచ్చి రాగి కాయిల్ తినేసింది సార్, వెనక గెడ్డ ఉందా అనడిగాడు.

మిగిలిన సారం తిని బలిసేది గుర్రపుడెక్క. అది నీటిని కప్పేస్తే కిందికి ఎండ పోదు, రాత్రుళ్ళు కుళ్ళిన ఆకులు ఉన్న కాస్త ఆక్సిజన్నీ లాగేస్తాయి, అందుకే తెల్లారుజామునే చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. ఏటా మిషన్ తెచ్చి పీకిస్తారు, పీకి గట్టునే వేస్తారు, అది అక్కడే కుళ్ళి వానకి మళ్ళీ గెడ్డలోకే దిగుతుంది.

సరే, దోమల దగ్గరికొస్తా అన్నాను కదా. మన వైపు బోదకాలు పాత జబ్బు, ఇంటింటికీ వచ్చి డీఈసీ మాత్రలు మింగించేవాళ్ళు, గుర్తుందా, మింగకుండా జేబులో వేసుకునేవాళ్ళం. ఆ జబ్బు మోసే క్యూలెక్స్ దోమ గుడ్లు పెట్టేది ఎక్కువగా మురుగు నీళ్ళలో. గెడ్డ ఎండినప్పుడు దాని పిల్లలన్నీ ఎండిపోయేవి, ఏడాదికి రెండు మూడు నెలలు దోమకి సెలవు. ఇప్పుడు పన్నెండు నెలలూ దానికి నీళ్ళున్నాయి, పైగా దాని పిల్లల్ని తినే తూనీగ పిల్లలూ పరిగెలూ లేవు. మా ఊళ్ళో మే నెలలో కూడా దోమతెర కట్టుకుంటున్నామంటే, కారణం ఆ రెండు సిమెంటు పైపులే.

ఒక్కచోట మాత్రం ఆశ్చర్యపోయాం. మార్కెట్ దాటాక ఒకరి ఖాళీ స్థలం పక్కన గెడ్డ కాస్త వెడల్పై రెండొందల అడుగుల మేర తుంగ, జమ్ము పట్టేసింది, మనిషెత్తున. ఆ జమ్ములోంచి ఇవతలికొచ్చిన నీళ్ళు నలుపు తగ్గి టీ రంగులో ఉన్నాయి, వాసన సగానికి సగం లేదు. ముక్కుతో కట్టిన లెక్కే అనుకోండి. కానీ కారణం ఉంది, జమ్ము వేర్లు బురదలోకి గాలి దింపుతాయి, నీళ్ళు నెమ్మదించి మడ్డి కూరుకుంటుంది, వేర్లని పట్టుకున్న సూక్ష్మజీవులు మురుగుని తినేస్తాయి. చాలాచోట్ల కావాలని తుంగ పెంచి మురుగు శుభ్రం చేస్తారు, ఇక్కడ ఎవరూ పెంచకుండానే ఆ పని జరుగుతోంది. ఒక నీటికోడి పిల్లల్ని వెనకేసుకుని అందులోకి దూరింది. ఆ స్థలం పక్కన బోర్డు ఉంది, ప్లాట్లు అమ్మబడును అని.

ఆ తర్వాత చివరి కిలోమీటరు సిమెంటు. రెండు పక్కలా గోడలు, అడుగున కూడా సిమెంటే. అక్కడ దాన్ని ఎవరూ గెడ్డ అనరు, కాలవ అంటారు, ఇంకొంచెం ముందుకెళ్తే డ్రైన్ అంటారు. పేరు మారిన చోటే మనుషుల చేతులు కూడా మారతాయి, గెడ్డలో చెత్త వెయ్యడానికి కాస్త సంకోచిస్తాం, డ్రైన్ అయితే దానికోసమే కట్టారనుకుంటాం. అడుగున సిమెంటు వేస్తే నీళ్ళు ఇంకవు, గోడల మధ్య దూసుకుపోయి ఏటి దగ్గర ఒక్కసారే పడతాయి. ఏరేమో ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టింది, అక్కడ గట్టి వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా నాగావళి నిండుతుంది, 2017 జులైలో రాయగడ వైపు రైలు వంతెన కొట్టుకుపోయింది చూడండి, అలాంటి వరద. ఏరు నిండుగా ఉంటే గెడ్డ నీళ్ళకి దారి లేక వెనక్కి తంతాయి. మేం పంపించిందంతా మా బాత్రూం జాలీల్లోంచి బుడబుడమని తిరిగొస్తుంది. ఆ రోజుల్లో మా కాలనీ గ్రూపులో సియోల్ వీడియోలు రావు.

పదిన్నరకి ఏటి ఒడ్డు చేరాం. మే నెల నాగావళి, అంతా ఇసక మేటలు, మధ్యలో పాయ. గెడ్డ కలిసే చోట నల్లటి చార ఒకటి ఒడ్డు పట్టుకునే చాలా దూరం పోతుంది, బేగి కలవదు. ఎగువన నలుగురు కుర్రాళ్ళు ఈదుతున్నారు. మావాడు నేనూ దిగుతానన్నాడు, వద్దన్నాను. స్నానానికి పనికొచ్చే నీళ్ళంటే లీటరుకి కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి, బీఓడీ (మురుగు కుళ్ళడానికి ఎంత ఆక్సిజన్ లాగేస్తుందో చెప్పే కొలత) 3 దాటకూడదు, మలంలో ఉండే కోలిఫాం సూక్ష్మజీవులు 100 మిల్లీలీటర్లకి 2500 మించకూడదు, అసలు 500 లోపుంటే మంచిది, ఇవీ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పే కొలతలు. మామూలు ఇళ్ళ మురుగు బీఓడీ రెండొందలకి అటూ ఇటూ ఉంటుంది. ఎగువకి తీసుకెళ్ళి దించొచ్చు నిజానికి, నాకే ధైర్యం చాలలేదు. వాడి వయసులో నేను ఎండు సొరకాయ బుర్రలు నడుముకి కట్టుకుని ఈ గెడ్డలోనే ఈత నేర్చుకున్నాను, భాద్రపదం ఆశ్వయుజాల్లో, పీకల్లోతు నీళ్ళు. వాడు గంటకి ఇంతని కట్టి నీలం టైల్స్ తొట్టిలో నేర్చుకుంటున్నాడు.

బలరాముడు నాగలితో గీస్తే వచ్చింది నాగావళి అని, దారిలో ఐదు చోట్ల శివలింగాలు పెట్టాడని చెబుతారు, అందులో మా ఊరి కోటేశ్వరస్వామి ఒకటి. కార్తీకంలో అక్కడ స్నానాలకి ఇసకేస్తే రాలదు. అమ్మ మాత్రం పోలిపాడ్యమికి గుడి దాకా వెళ్ళేది కాదు, పెరటి మెట్లు దిగి గెడ్డలోనే అరటిదొప్పలో దీపం వదిలేది, ఎలాగూ ఏట్లోనే కలుస్తుందని. పోయినేడు కూడా తెల్లారుజామున నాలుగింటికి దొప్ప, వత్తులు సర్దుకుని మెట్ల దాకా వెళ్ళింది, నేను టార్చి పట్టుకున్నా. కాసేపు నిలబడి వెనక్కొచ్చేసింది. బట్టలు నానబెట్టే టబ్బు కడిగి, మేడ మీద కుళాయి నీళ్ళు పట్టి అందులో వదిలింది. దీపం టబ్బు చుట్టూ తిరుగుతూ ఉండిపోయింది, ఎటూ పోలేక. అమ్మ ఏమీ అనలేదు, కొండెక్కేదాకా చూసి కిందికెళ్ళి కాఫీ పెట్టుకుంది.

ఇంటికొచ్చాక మావాడు పెరటి గోడెక్కి వంగి చూసి, "మావయ్యా, ఈ పైపు మనదే" అన్నాడు. మనదే. నాకు తెలుసు, తెలీక కాదు. 2011లో ఇల్లు మళ్ళీ కట్టించినప్పుడు సెప్టిక్ ట్యాంకు అవుట్‌లెట్ ఎక్కడికివ్వాలి సార్ అని మేస్త్రీ అడిగితే గెడ్డ ఉంది కదా అన్నది నేనే. సెప్టిక్ ట్యాంకంటే మురుగుని శుభ్రం చేసేస్తుందనుకుంటాం, అది మడ్డిని కింద కూచోబెడుతుంది, పైన తేరిన నీళ్ళలో మురుగు సగానికి పైనే ఉంటుంది. అవుట్‌లెట్ ఇంకుడు గోతికివ్వాలి. ఏటి పక్క ఊరు కాబట్టి వానాకాలంలో నేల నీళ్ళు పైకొచ్చి గొయ్యి సరిగ్గా ఇంకదు, అందుకని స్నానాల నీళ్ళూ సింకు నీళ్ళూ వేరుచేసి పెరట్లో అరటి, కంద మొక్కలకి మళ్ళించి, ట్యాంకు నీళ్ళకి మాత్రం గొయ్యి తవ్వించాలని లెక్క వేశాను. ఖర్చు మరీ ఎక్కువేం కాదు, పెరట్లో జామచెట్టు ఒక్కటి తియ్యాలి, అమ్మ దాని గురించి ఇంకా ఒప్పుకోలేదు. మేస్త్రీ ఆదివారం తప్పకుండా వస్తానన్నాడు. వాన పడకముందే తవ్వాలి సార్ లేకపోతే గొయ్యిలో నీళ్ళే ఊరతాయని తనే చెప్పాడు.

ఇది మూడో ఆదివారం.